లేచి నిలబడే విద్యార్థి

మా పెదనాన్నకి చేతకాని పని ఒక్కటే, అర్థం కానప్పుడు ఊరుకోవడం. డాక్టరు మందు రాసిస్తే ఎందుకో అర్థం కాలేదంటాడు. బస్సు దారి మళ్ళిందని కండక్టరు చెబితే, ఎందుకు మళ్ళిందో తేలేదాకా డ్రైవర్ని కదలనివ్వడు.

ఆయన దర్జీ. అరవై రెండేళ్ళ వయసులో, ఎవరూ బతిమాలకుండానే, యూనివర్సిటీ వారి ఆన్‌లైన్ వేసవి కోర్సులో చేరాడు. సమాజశాస్త్రం. నేనూ అందులోనే ఉన్నాను, కానీ సరదాకి కాదు. ఆ సబ్జెక్టు అప్పటికి రెండుసార్లు తప్పాను. ఈ వేసవిలో గట్టెక్కకపోతే మూడేళ్ళ చదువూ నీళ్ళపాలే.

ఇంట్లో సిగ్నల్ సరిగా ఉండదు. అందుకని పెదనాన్న కొట్లో, బట్టలు కత్తిరించే బల్లకి అటు ఆయన, ఇటు నేను, ఎవరి ఫోను వాళ్ళు పెట్టుకుని కూర్చునేవాళ్ళం.

మొదటి రోజే పరువు పోయింది. పాఠం మొదలైన పది నిమిషాలకి ఆయన లేచి నిలబడ్డాడు. గురువుతో కూర్చుని మాట్లాడకూడదని ఆయన నియమం. ఫోను మాత్రం బల్లమీదే ఉంది. దాంతో క్లాసులో ఉన్న నూట ఇరవై మందికీ కనిపించినవి ఆయన చొక్కా మూడో గుండీ, మెడలోంచి వేలాడే కొలతల టేపూను.

"మేడమ్ గారూ, నాకు అర్థం కాలేదు."

"ఎవరండీ మాట్లాడేది? మొహం కనపడటం లేదు."

"నిలబడ్డానండీ."

"పర్లేదు, కూర్చోండి."

"మీరు చెప్పాక కూర్చుంటానండీ."

ఆ రోజునుంచి ఆయన 'టేపు గారు' అయిపోయాడు. రోజుకి మూడుసార్లు లేచేవాడు. ఆయన లేవగానే ఎవరో ఒకరు 'టేపు గారు లేచారు' అని తెరమీద టైపు చేసేవారు. నేను తల బల్లకిందకి దించేసుకునేదాన్ని.

ఒకరోజు సర్వేల పాఠం.

"వెయ్యిమందిని అడిగి ఊరంతటి సంగతీ ఎలా చెప్తారండీ?" అన్నాడు. మేడమ్ ఓపిగ్గా వివరించింది. "ఓహో. గుడ్డ కొసన చిన్న ముక్క తడిపి చూసి, బట్ట తాను మొత్తం ఎంత కుదించుకుపోతుందో చెప్పినట్టన్నమాట!"

"అంతకంటే బాగా నేను చెప్పలేనండీ," అంది మేడమ్.

క్లాసయ్యాక ఆయన మీద విరుచుకుపడ్డాను.

"అందరూ నవ్వుతున్నారు పెదనాన్నా!"

"నవ్వనీ అమ్మడూ. నీకు తెలిసిందా, లేదా?"

"తెలిసింది."

"అయితే సరే."

నేనైతే నోరు విప్పేదాన్ని కాదు. రెండుసార్లు తప్పినదాన్ని, ఇంకా తెలీదంటే ఏమనుకుంటారోనని భయం.

పరీక్ష ముందు చివరి క్లాసు రోజు, ఆయన కొలతలు తీసుకోవడానికి ఎవరింటికో వెళ్ళాడు. క్లాసు మధ్యలో నాకు కాగితాలు అయిపోతే, ఆయన నోటుపుస్తకం తెరిచాను. పాఠాలన్నీ శుభ్రంగా రాసి ఉన్నాయి. ఒక్కొక్క పాఠమూ క్లాసుకి ముందురోజు తేదీతోనే! నాకు కొరుకుడుపడనివన్నీ అందులో విడమరిచి ఉన్నాయి. అక్కడక్కడా మార్జిన్‌లో పెన్సిలుతో ఒకే మాట: 'అమ్మడి పెన్ను ఆగింది.'

ఆయన అర్థం కాలేదన్న చోట్లన్నీ అవే. సర్వేల పాఠం పక్కనా ఉంది ఆ మాట. నాకు సిగ్గేసింది. ఆయన మీద చెప్పలేనంత ప్రేమా పుట్టుకొచ్చింది.

ఇంతలో, "ఎవరికైనా సందేహాలున్నాయా?" అంది మేడమ్. ఆ రోజు పాఠమే తర్వాత పరీక్షలో వచ్చి నన్ను గట్టెక్కించింది. కానీ ఆ నిమిషంలో నా పెన్ను ఆగిపోయి ఉంది, ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది. మైకు నొక్కాను.

"మేడమ్, నాకు అర్థం కాలేదండీ."

"ఎవరమ్మా? మొహం కనపడటం లేదు."

అప్పుడు చూసుకున్నాను. లేచి నిలబడి ఉన్నాను.

"టేపు గారి అమ్మాయివా?"

"వాళ్ళ తమ్ముడి కూతుర్నండీ."

"తెలుస్తోందిలే. కూర్చో."

"మీరు చెప్పాక కూర్చుంటానండీ," అన్నాను.