చప్పుడు లేని కార్టూన్

మా మనుమరాలు చూసే కార్టూన్లంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. బలిసిన ఏనుగుపిల్ల ఒకటి చిన్న కుందేలును తొండంతో చుట్టి విసిరేస్తుంది. కుందేలు గోడకు కొట్టుకుని రొట్టెలా అతుక్కుపోతుంది. అది చూసి పిల్లలు నవ్వాలట! దెబ్బ తిన్నదాన్ని చూసి నవ్వడమేం విద్య? నేను రెండో తరగతిలోనే బడి మానేసినదాన్ని, అయినా అంత తప్పు నవ్వు నాకెప్పుడూ రాలేదు.

మా బొగ్గుగని కాలనీలో నైట్ షిఫ్టు చేసి వచ్చినవాడు పగలు పడుకుంటే ఇంటిల్లిపాదీ నోరు కట్టుకోవాలి. గిన్నె దించినా చప్పుడు కాకూడదు. నిద్ర చాలని మనిషి బొగ్గుబాయిలో దిగితే ఏమవుతుందో ఇక్కడి ఆడవాళ్లకు ఒకరు చెప్పాలా? అందుకే నా కొడుక్కు ఆ షిఫ్టు ఉన్న వారం టీవీలో బొమ్మ వస్తుంది గానీ సౌండు ఉండదు. పిల్ల ఆ మూగబొమ్మలనే చూస్తూ కూర్చుంటుంది.

ఆ మధ్య దాని బడిసంచి పట్టీ తెగి వచ్చింది. కొడుకు పాత డ్యూటీ ప్యాంటు కత్తిరించి నేనే కుట్టిన సంచి. బజారు సంచులకన్నా గట్టిది. మళ్లీ కుట్టాను. మళ్లీ తెగింది.

"ఏందే, సంచిని ఎడ్లకు కట్టి గుంజుతున్నవా? బట్ట చెట్లకు కాస్తదా?"

తల దించుకుని, సంచి తీసుకుని లోపలికి పోయింది.

తర్వాతి వారం కొడుకు పొద్దుటి డ్యూటీ. బడికి సెలవు. ఇంట్లో పడుకున్నవాళ్లెవరూ లేరు కాబట్టి పిల్ల సౌండు పెట్టుకుంది. పాత కథే మళ్లీ వేశారు. కుందేలు ఏడుస్తూ పోయి, టీచరుగా ఉన్న కోడితో జరిగిందంతా చెప్పింది. కోడి ముఖం ఎర్రగా చేసుకుని రెక్కలు కొడుతూ అరిచింది. "చెప్పి మంచిపని చేశావు తల్లీ! ఏడీ ఆ ఏనుగు? పిలవండి వాణ్ని!"

పిల్ల నావైపు తిరిగింది.

"నాయినమ్మా, కోడి టీచర్ కుందేలును తిడ్తలేదా?"

"దాన్నెందుకు తిడ్తదే? కోపం ఏనుగు మీద."

"పోయినసారి సౌండు లేకుండె గద. చెప్పినందుకు కుందేలునే తిట్టిందనుకున్న."

మెల్లగా బయటపెట్టింది. "బడి ఆటోల పెద్దక్కలు నా సంచి గుంజుతరు. బొగ్గుసంచి, బొగ్గుసంచి అనుకుంట కాళ్లతోని తంతరు. చెప్తే నన్నే తిడ్తరని చెప్పలే."

మర్నాడు పొద్దున ఆటో రాగానే అడ్డం నిలబడ్డాను.

"పిల్లలన్నంక ఆడుకుంటరవ్వా, ఇడిసిపెట్టు," అన్నాడు డ్రైవరు.

"జోక్ చేసినం అవ్వా," అంటూ లోపల ఒక పెద్దపిల్ల కిసుక్కుమంది.

"జోకా? మరి మా పిల్ల నవ్విందా? నీ అయ్య గూడ ఈ సంచిబట్ట ప్యాంటే తొడుక్కొని బాయిల దిగుతడు. ఇంటికొచ్చినంక ఆయన్ను గూడ తంతవా?"

ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది. డ్రైవరు నా మనుమరాలిని తన పక్కకు రమ్మన్నాడు.

"మా పిల్లెందుకు జరగాలె? తన్నినోళ్లను జరుపు!" అన్నాను.

కార్టూన్లో అయితే ఏనుగు చెవులు పట్టుకుంటుంది, అందరూ కలిసి పాట పాడతారు, కథ కంచికి పోతుంది. పది నిమిషాల్లో బుద్ధులు మారిపోతాయని పిల్లలకు చెప్పేవాళ్లను ఒకసారి మా ఆటో ఎక్కించాలి.

మళ్లీ నైట్ షిఫ్టు వారం వచ్చింది. సాయంత్రం నా కొడుకు ఇంకా నిద్రలో ఉన్నాడు. గేటు దగ్గరి నుంచే పిల్ల గొంతు వినిపించింది.

"నాయినమ్మా! ఇయ్యాల మల్ల గుంజిండ్రు!"

గడప దాటగానే తండ్రి చెప్పులు కనిపించాయి. చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ చెయ్యి తీసేశాను.

"బాపు లేస్తడు," అంది గుసగుసగా.

"లేస్తే లేవనీ. మల్ల పండుకుంటడు. నువ్వు గట్టిగ చెప్పు, ఆయన గూడ ఇనాలె."

లోపల మంచం కిర్రుమంది. పిల్ల ఒకసారి అటు చూసింది. తర్వాత సంచి కింద పెట్టి, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది, గట్టిగానే.