గోడ బిగిసేలోపు

మేస్త్రి తాపీ గోడ మీద సగం దూరం వెళ్లేసరికి కడుపులో మెలిపెట్టింది. జిప్సం కలిపాక ఇరవై నిమిషాలే గడువు. ఆ తర్వాత రాయిలా బిగుసుకుపోతుంది. మధ్యలో ఆపితే అతుకు కనబడుతుంది.

"ముఖం పాలిపోయింది బావా, పరిగెత్తు!" కింద మాలు కలుపుతున్న బావమరిది నవ్వాడు. "తాపీ ఇలా పడెయ్, నేను లాగేస్తా."

"నువ్వు లాగితే గోడ కాదురా, రేకుల షెడ్డవుతుంది."

ఇరవై ఏళ్లలో మేస్త్రి తన తాపీ ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఆ రోజూ ఇవ్వలేదు. మరుగుదొడ్డికి పరిగెత్తి, తిరిగొచ్చేసరికి గోడ నడుమ వేలెడంత అతుకు నిలిచిపోయింది.

ఆ గోడ పళ్ల డాక్టరమ్మ కొత్త ఆసుపత్రి హాలుది. సాయంత్రం ఆవిడ గోడకు ఆనించి టార్చి వేసింది. "ఇది చెక్కేసి మళ్లీ వెయ్యండి. ఈసారీ అతుకు పడితే పైకప్పు పని ఇంకొకరికి ఇచ్చేస్తాను."

"కడుపమ్మా," అని మేస్త్రి తల వంచుకుని సంగతంతా చెప్పాడు.

రెండేళ్లుగా ఇదే గోల. పరీక్షల్లో రోగమేమీ తేలలేదు. పేగులు తొందరగా చిరాకుపడే రకమని చెప్పి డాక్టర్లు ఆహారం సలహాలిచ్చే మేడం దగ్గరికి పంపారు. ఆవిడ చెప్పినట్టు పాలు మానాడు, ఉల్లి మానాడు, గోధుమ మానాడు. తిన్న ప్రతి మెతుకూ భార్య నోట్‌బుక్కులో రాసింది. ఒక్కొక్కటే తిరిగి తిని చూసినా దొంగ దొరకలేదు.

"నోట్లో ఏంటది?" అడిగింది డాక్టరమ్మ.

"చూయింగ్ గమ్ అమ్మా. సిగరెట్లు మానినప్పటి నుంచి అలవాటు. దుమ్ముకు నోరు ఎండిపోకుండా ఉంటుంది. చక్కెర లేనిదే, పళ్లకు మంచిదంటారుగా."

"పళ్లకు మంచిదే. రోజుకెన్ని?"

"పదో, పన్నెండో."

"తీపి కోసం అందులో వేసేది కొందరి కడుపుకు పడదు. మీ మేడం చూడలేదా?"

చూడడానికి నోట్‌బుక్కులో ఉంటే కదా. రాత్రి భార్య పేజీలన్నీ తిరగేసి తల పట్టుకుంది. "ఇదెందుకు చెప్పలేదయ్యా?"

"మింగేది కాదుగా. ఉమ్మేసేదేగా."

గమ్ మానేశాడు. మంచిదే, కానీ అదొక్కటే కారణమని చెప్పలేనంది మేడం. పది రోజుల్లో ఉబ్బరం తగ్గింది. ఆఖరి మూడు రోజులు మధ్యాహ్నం దాకా మరుగుదొడ్డికి పరిగెత్తకుండా పని చేశాడు. మేస్త్రికి ధైర్యం వచ్చింది. పదకొండో రోజు ఆ గోడకే మళ్లీ మాలు కలిపించాడు.

సగం గోడ దగ్గర మళ్లీ మెలి. అంతకుముందు తిన్నదల్లా చప్పిడి అన్నమే. పళ్లు బిగించి రెండుసార్లు తాపీ లాగాడు. నుదుటి చెమట కళ్లలోకి దిగింది. బావమరిది ఈసారి నవ్వలేదు.

"బావా, గోడ బిగుస్తోంది."

మేస్త్రి తాపీ కేసి చూశాడు. తర్వాత మరుగుదొడ్డి తలుపు కేసి చూశాడు. పిడి తుడిచి బావమరిది చేతిలో పెట్టాడు.

"మణికట్టు తిప్పకు. భుజంతో లాగు. ఆపకు."

లోపల కూర్చుని, తలుపు అవతలి చప్పుడు విన్నాడు. సర్రున లాగుడు, మళ్లీ సర్రున. చేయగలిగింది ఇంకేమీ లేదు.

సాయంత్రం డాక్టరమ్మ మళ్లీ టార్చి వేసింది. "అతుకు లేదు. పైకప్పు పనీ మీరే చెయ్యండి."

మేస్త్రి అరచేత్తో గోడ నిమిరాడు. కుడివైపు సన్నటి అల ఒకటి చేతికి తగిలింది, కంటికి కనబడనంత సన్నటిది.

"ఆ సగం మా వాడిదమ్మా," అని ఆ పూటకు పని ముగించి హాలు తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టాడు.