మొగులుముక్కు

మొన్న కరీంనగర్‌లో ముక్కు డాక్టరు దగ్గరికి వెళ్ళాను. డాక్టరంటే పెద్ద వయసు మనిషేమీ కాదు, నాకు మనుమరాలయ్యే ఈడు అమ్మాయి. పడుకుంటే ఊపిరి సరిగ్గా ఆడటం లేదని చెబితే ముక్కులోకి లైటు వేసి చూసి, లోపలి అడ్డుగోడ వంకరైందనీ, చిన్న ఆపరేషన్‌తో సరిచేయవచ్చనీ చెప్పింది. అక్కడితో ఆగి ఉంటే నాకు ఇదంతా రాసే పని తప్పేది. నా గడ్డం పట్టుకుని ముఖాన్ని అటూ ఇటూ తిప్పి, "ఎట్లాగూ చేస్తున్నాం కదమ్మా, కొస కూడా కొంచెం కిందికి దించమంటారా? గంటన్నర పని" అని అడిగింది. కూరగాయలు తూచిన మనిషి పైన కాస్త కొత్తిమీర వేయమంటారా అని అడిగినట్టే అడిగింది. నేను జవాబు చెప్పేలోగా కంప్యూటరు తెర మీద నా ముఖాన్ని పక్కనుంచి చూపించి, ముక్కు కొసను గోరంత కిందికి లాగింది.

చూశాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, చాలాసేపు చూశాను. డెబ్బై దాటిన బడిపంతులమ్మను, మోకాళ్ళు అరిగాయి, పళ్ళు సగం కట్టుడువి, ఇప్పుడు ముక్కు దిద్దించుకుని ఎవరికి చూపించాలని మనసు ఒకపక్క వెక్కిరిస్తూనే ఉంది. అయినా ఆ తెర మీది ముక్కు ఎనిమిదో ఏటి నుంచీ నేను కొండగట్టు అంజన్నను అడుగుతున్న ముక్కే. అడిగిన దేవుడు ఇవ్వలేదు, అడగని డాక్టరు ఇస్తానంటోంది. 

అప్పుడా అమ్మాయి కాగితం తీసి, ఈ ముక్కు పుట్టుకతోనే ఇట్లా ఉందా, తర్వాత ఇట్లా అయిందా అని అడిగింది. రాసుకోవాలట. నేను ఆలోచించకుండానే, పుట్టుకతో కాదమ్మా, పసితనంలో నీళ్ళు పోసేటప్పుడు చెడిపోయిందన్నాను. ఆమె కలం ఆపి నవ్వింది. "నీళ్ళు పోస్తే ముక్కు ఇట్లా కాదమ్మా. ఎవరు చెప్పారు మీకు?" అంది. అయినా నేను చెప్పినట్టే రాసుకుని, ఆలోచించుకుని వారం తర్వాత రమ్మంది. జగిత్యాల బస్సెక్కాను. కొండగట్టు దగ్గర బస్సు సగం ఖాళీ అయింది గానీ ఆ ప్రశ్న మాత్రం దిగలేదు.

చెప్పింది మా మేనత్త. బాపుకు అక్క. పదిహేనేళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చి మాతోనే ఉండిపోయింది. పిల్లలు లేరు. లేరనడానికీ వీల్లేదు, మా వాడకట్టులో పుట్టిన ప్రతి పిల్లా మొదట ఆమె కాళ్ళ మీద పడుకున్నదే. పసిపిల్లలకు నీళ్ళు పోయడంలో ఆమెను మించిన వాళ్ళు చుట్టుపక్కల లేరనేవారు. చీర మోకాళ్ళ దాకా ఎగదోసుకుని, పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, పిల్లను ముందు బోర్లా, తర్వాత వెల్లకిలా వేసుకునేది. కాగులో నీళ్ళ వేడిని మోచేత్తో చూసేది. నూనె పట్టించి, శనగపిండితో నలిచి, తల గుండ్రంగా రావడానికి అరచేత్తో అద్ది, చివరికి బొటనవేలూ చూపుడువేలూ నూనెలో ముంచి ముక్కు తీసేది. ముక్కు తీయడమంటే కళ్ళ మధ్య నుంచి కొస దాకా మెల్లగా ఒత్తుకుంటూ రావడం. మా దిక్కు అందరి నమ్మకం ఒకటే, పిల్లకు రంగు దేవుడిస్తాడు, ముక్కు నీళ్ళు పోసే ఆమె ఇస్తుంది. సాంబ్రాణి పొగ పట్టి, గుడ్డలో చుట్టి తల్లి చేతికి అందించే వేళకు పిల్ల నిద్రపోయేది. మా మేనత్త ఆ పిల్లను ఇచ్చేటప్పుడు మాత్రం ఎప్పుడూ కొంచెం ఆలస్యం చేసేది.

ఊళ్ళో అన్ని ముక్కులు తీర్చిన ఆ చేతికి నా ముక్కు లొంగలేదు. కొస పైకి లేచి, ఎదురుగా నిలబడిన వాళ్ళకు రెండు రంధ్రాలూ కనిపించే ముక్కు. బడిలో నాకు మొగులుముక్కు అని పేరు పెట్టారు. మొగులంటే మా దిక్కు మబ్బు పట్టిన ఆకాశం. నా ముక్కు ఎప్పుడూ మొగులు వైపే చూస్తుంది కాబట్టి వానలు ఎప్పుడు పడతాయో నన్నడిగితే తెలుస్తుందని వాళ్ళ హాస్యం. చినుకు పడితే చాలు, ముక్కుకు గొడుగు పట్టమనేవారు. ఒకసారి చీపురుపుల్ల చీల్చి ముక్కుకు తగిలించుకుని పూటంతా కూర్చున్నాను. కొస దిగలేదు సరికదా, ఎర్రగా వాచి ఇంకాస్త లేచింది. తర్వాత తర్వాత తల వంచుకుని నడవడం అలవాటు చేసుకున్నాను. అణకువ గల పిల్లనని ఊళ్ళో మంచి పేరు వచ్చింది. అణకువ కాదు, ముక్కు.

ఏడుస్తూ వెళితే మేనత్త ఒళ్ళో పడుకోబెట్టుకుని నూనె రాసి, "ముక్కు ఊపిరి పీల్చేతందుకు బిడ్డా, చూపిచ్చేతందుకు కాదు" అనేది. ఈమెకేం, ఎన్నైనా చెబుతుందని మూతి ముడుచుకుని పైకి చూస్తే, నా మీదికి వంగిన ఆ ముఖంలోనూ అదే ముక్కు. అచ్చు పోసినట్టు ఉండేది. ముక్కుపుల్ల తీసేసిన చోట పూడీ పూడని రంధ్రం ఒక్కటే తేడా.

హైస్కూలు చదువయ్యాక సంబంధాలు వచ్చాయి, వచ్చినట్టే పోయాయి. మొదటి వాళ్ళు ఇంటికి పోయి కబురు పెడతామన్నారు, ఆ కబురు ఇంకా రాలేదు. రెండో వాళ్ళు కుండ బద్దలు కొట్టినట్టు ముక్కు బాగాలేదనే చెప్పారు. బాపు చాలా రోజులు అన్నం ముందు నుంచి సగంలోనే లేచాడు. మూడోది నస్పూర్ దిక్కు సంబంధం, అబ్బాయి బొగ్గుబావి ఆఫీసులో గుమాస్తా. కిటికీ సందులోంచి చూశాను. పొడుగు మనిషి, గద్దముక్కు. నాకు ఆ ముక్కే నచ్చింది. ఇది కూడా తప్పిపోతే తట్టుకోలేనని ఆ నిమిషంలోనే తెలిసిపోయింది.

అబ్బాయి తల్లి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పుస్తకం చదివించింది, నడిపించి చూసింది, జడ పట్టుకుని చూసింది. చివరికి అందరి ముందే, "పిల్ల మంచిగనే ఉన్నది. గని రేపు పుట్టేటోళ్ళకు గదే ముక్కొస్తె ఎట్ల?" అన్నది. ఆమె తప్పేం లేదు, మనసులో ఉన్నది దాచుకోలేదు. నన్ను కన్న అవ్వ తల వంచుకుంది. బాపు చాయ్ సాసరు కింద పెట్టడం, తీయడం, మళ్ళీ పెట్టడం. అప్పుడు వంటింటి తలుపు దగ్గర నుంచి మా మేనత్త గొంతు వినిపించింది. భర్త లేని మనిషి శుభకార్యానికి ఎదురు రాకూడదని పొద్దుటి నుంచీ ఆమె ఆ గదిలోనే ఉంది. తలుపు సగం తెరిచి, కొంగును గడ్డం నుంచి కళ్ళ కింది దాకా కప్పుకుని నిలబడింది.

"జర నా మాట ఇనుండ్రి. గది పుట్టుక ముక్కు కాదు. పోరి పుట్టినప్పుడు మంచిగనే ఉండె. నీళ్ళు పోస్తుంటె నా చెయ్యి తప్పింది, నేనే చెడగొట్టిన. రక్తంల లేదమ్మా, మీరు ఫికర్ చెయ్యకుండ్రి."

అబ్బాయి తల్లి కాసేపు నన్నూ, కాసేపు ఆ తలుపునూ చూసింది. చేతి తప్పయితే పిల్లలకు రాదు కదా అని పక్కవాళ్ళతో అని, తాంబూలం పళ్ళెం దగ్గరికి జరుపుకుంది. మేనత్త ముఖం కప్పుకున్నది సిగ్గుతోనని వాళ్ళనుకున్నారు. ఎందుకు కప్పుకుందో మా ఇంట్లో వాళ్ళకు తెలుసు. ఆ కొంగు కొంచెం జారినా నా పెళ్ళి జారిపోయేది.

పెళ్ళయింది, నేను నస్పూర్ వెళ్ళిపోయాను. ఆ మాట మాత్రం మా వాడకట్టులో ఉండిపోయింది. సొంత నోటితో ఒప్పుకుందట కదా అన్నారు. తన ముక్కు చూసుకుని పిల్లకూ అట్లాంటిదే చేసిందని నవ్వుకున్నారు. ఎదురింటి కోడలు ప్రసవిస్తే వేరే వాడ నుంచి ఇంకొకామెను పిలిపించుకున్నారు. తర్వాత పక్కింటి వాళ్ళు, తర్వాత ఇంకొకరు. ఎవరూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు, పిలవడం మానేశారు, అంతే. పీట గోడకు ఆనించిన చోటే ఉండిపోయిందని అవ్వ చెప్పి కళ్ళు తుడుచుకుంటే, నేను ఇంకేదో మాట ఎత్తుకున్నాను.

మరుసటి ఏడు కాన్పుకు పుట్టింటికి వచ్చాను. ఆడపిల్ల పుట్టింది. పసిపిల్లల ముక్కులన్నీ ఒక్కతీరుగా చప్పిడిగానే ఉంటాయి కాబట్టి ఎవరి పోలికో అప్పుడే చెప్పలేం. మా ఆయన తల్లి చూడటానికి వచ్చి, అన్నీ బాగున్నాయని మెచ్చుకుని, పిల్లకు నీళ్ళు మాత్రం మా మేనత్త చేత పోయించవద్దని అవ్వకు చెప్పింది. మేనత్త అప్పటికే పీట కడిగి పెట్టుకుని, కాగు కింద మంట వేసి, చీర ఎగదోసుకుని కూర్చుంది. ఆ మాట విని చీర దించుకుని లేచింది. నేను మంచం మీద నుంచి చూస్తున్నాను. నోరు తెరిచి నా ముక్కు పుట్టుకతోనే వచ్చిందని ఒక్క మాట అంటే సరిపోయేది. అబద్ధమాడి పెళ్ళి చేశారంటారని భయం, పక్కలో పురిటి బిడ్డ, కొత్త కాపురం. ఎన్ని చెప్పుకున్నా నేను నోరు తెరవలేదు.

పురుడు తీరేదాకా నీళ్ళు మేనత్తే కాచింది. బిందెలో తెచ్చి గడప దగ్గర పెట్టి, వేరే వాడ నుంచి పిలిపించిన ఆమె నా బిడ్డకు పోస్తుంటే గడప అవతల కూర్చుని చూసేది. ఆమె చెయ్యి మాత్రం ఊరుకునేది కాదు. ఒళ్ళో బొటనవేలూ చూపుడువేలూ మెల్లగా ఒకదానితో ఒకటి రాసుకుంటూ ఉండేవి.

నా బిడ్డకు తండ్రి ముక్కు వచ్చింది. మా ఆయన తల్లి మురిసిపోయి, ఆ చెయ్యి పడలేదు కాబట్టే ముక్కు ఇంత తీరుగా వచ్చిందని కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకుంది. ఇక ఆ అబద్ధానికి సాక్ష్యం కూడా దొరికింది. ఆ సంగతి నేనే మేనత్తతో చెప్పి, ఆమె ముఖం చూడలేక తల దించుకున్నాను. ఆమె నా బిడ్డ ముక్కు కొసను ఒక్క వేలితో తాకి, "చూసినవా బిడ్డా, నా మాట నిలబడ్డది" అని నవ్వింది. ఆమె పోయి కూడా చాలా ఏళ్ళయింది. ఆమె ఉన్నప్పుడు ఆ అబద్ధాన్ని నేను అబద్ధమనలేదు, పోయాకా అనలేదు. ముక్కు సంగతి ఎవరెత్తినా అదే అప్పజెబుతూ వచ్చి, చివరికి ఏ లాభమూ లేని చోట, డాక్టరు దగ్గర కూడా అదే చెప్పాను. ఆమెను మరోసారి దోషిని చేసి వచ్చాను.

ఆ వారమంతా అద్దం ముందే గడిచింది. కొసను వేలితో కిందికి నొక్కి చూసుకున్నాను. బాగానే ఉంది, లేదని బుకాయించను. వేలు తీయగానే మళ్ళీ లేచింది, మేనత్త ముక్కు. నాకోసం ఆమె దాన్ని ఒక్క పూట కొంగు చాటున దాచుకుని, ఆ తర్వాత ఊళ్ళో పసిపిల్లలందరినీ పోగొట్టుకుంది. ఇప్పుడు నేను కూడా దాన్ని దాచేస్తే ఆ తలుపు దగ్గర చెప్పిన మాటే శాశ్వతమైపోతుంది. నాకు ఏడుపొచ్చింది. ఈ వయసులో ముక్కు గురించి ఏడ్వడం ఏమిటని నవ్వూ వచ్చింది.

వారం తర్వాత వెళ్ళి, ఊపిరి ఆడేంత వరకే చేయమ్మా, కొస జోలికి పోవద్దన్నాను. ఆ అమ్మాయి సంతకానికి కాగితం జరిపింది. అద్దాలు పెట్టుకుని చదివితే, పసితనంలో స్నానం చేయించేటప్పుడు చెడిందన్న మాట ఇంగ్లీషులో అట్లాగే ఉంది. అది కొట్టేయమన్నాను.

"పుట్టుకతోనే వచ్చిందమ్మా. మా మేనత్త ముక్కు ఇది. ఆమె చెయ్యి ఎన్నడు తప్పలే" అన్నాను.

ఏళ్ళ తరబడి బడిలో పెంచుకున్న పుస్తకాల భాష ఆ చివరి మాట దగ్గర ఊడిపోయింది. ఆ అమ్మాయి పాత మాట కొట్టేసి, నేను చెప్పినట్టే పైన రాసింది. కొస దించడానికి గంటన్నర చాలంది కదా ఆమె, ఈ ఒక్క మాట దిద్దుకోవడానికి నాకు యాభై ఏళ్ళ పైనే పట్టింది.