గేటాయన చావు

మా చిన్నప్పుడు, సాయంత్రం దీపాలు పెట్టే వేళకు, ఊళ్ళో పిల్లలమంతా, ఊరి వరసకు మాకు పెద్దనాయన అయ్యే ఓబులేసు ఇంట్లో బాసింపట్టు వేసుకుని టీవీ ముందు కూర్చునేవాళ్ళం...

ముదిగుబ్బ వైపు మాది చిన్న ఊరు. డిష్ ఉన్న టీవీ ఆయన ఇంట్లోనే ఉండేది. నీళ్ళు పడిన బోరు కూడా ఆయనదే.

అప్పట్లో పీనుగుల సీరియల్ ఒకటి వచ్చేది. ఏ దేశానిదో ఏమో, మాటలు మాత్రం తెలుగులో. చచ్చినవాళ్ళు లేచి వచ్చి బతికినవాళ్ళను కొరికి తినేవాళ్ళు. మిగిలినవాళ్ళు ఎత్తు గోడలున్న ఒక పాత మిల్లులో దాక్కునేవాళ్ళు. గేటు తాళాలూ, నీళ్ళ ట్యాంకూ ఒక్కడి చేతిలోనే. వాడికి మేం 'గేటాయన' అని పేరు పెట్టుకున్నాం.

ఒకరోజు వాడు దగ్గుతున్న ముసలామెను గేటు బయటికి తోయించాడు. ఈమె ఒక్కతి పోతే అందరం బతుకుతాం అన్నాడు. లోపలున్నవాళ్ళంతా తల దించుకున్నారు... ఆమె కొడుకు కూడా! నీళ్ళు వాడి చేతిలో ఉన్నాయి మరి.

ఓబులేసు పెద్దనాయన మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు.

"థూ... వీడూ ఒక మనిషేనా! వీన్ని ఆ పీనుగులు పీక్కతినకుండా ఇడిసిపెడ్తాయా? చూస్తా ఉండండి పిల్లోల్లారా!"

మేమంతా చప్పట్లు కొట్టాం.

అప్పటికి మా జేజి, అంటే నాయనను కన్నతల్లి, చనిపోయి ఏడాది దాటింది. జేజికి పెదాల మీదా, వేళ్ళ మీదా బొల్లి మచ్చలుండేవి. నాకు మాత్రం ఆ వేళ్ళు మజ్జిగలో ముంచి తీసినట్టు కనిపించేవి. ఆ వేళ్ళతోనే సంగటి ముద్ద మధ్యలో గుంత చేసి, ఊరిబిండి పచ్చడి పెట్టి ఇచ్చేది...

ఆ ఏడు వాన లేదు. చెనక్కాయ విత్తే అదను దాటిపోతోంది. బొల్లి ఉన్న మనిషిని మట్టిలో పూడిస్తే ఆ ఊరికి వాన రాదని, తవ్వి తీసి కాలిస్తేనే మబ్బు దిగుతుందని మా వైపు ఒక నమ్మకం ఉండేది.

ఓబులేసు పెద్దనాయన నలుగురిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"ఏమప్పా నారాయణా, ఊరు బతకల్లా వద్దా? మీయమ్మ ఒక్కదాని కోసరం ఇంతమందిమి ఎండిపోవల్లనా?"

నాయన తల దించుకున్నాడు. అమ్మ తలుపు చాటు నుంచి, "సచ్చిపోయిన మనిషి బావా... ఆమె ఎవురికేం జేసింది?" అంది.

"రేపు నీళ్ళకు మా మోటారు కాడికే గదమ్మా బిందె ఎత్తుకోని వచ్చేది?"

కసురుకోలేదు, గట్టిగా కూడా అనలేదు. నవ్వుతూనే అన్నాడు. అమ్మ తలుపు వెనక్కి తప్పుకుంది.

జేజిని పూడ్చిన మిట్ట మీద మొదటి పార కొడుకే వేయాలన్నారు. నాయన వేశాడు.

ఆ పగలంతా నేను గడప మీదే కూర్చున్నాను. జేజి లేస్తుందని నా నమ్మకం. సీరియల్లో లేచేవాళ్ళు కదా... లేచి, ఊళ్ళో ఎవరి జోలికీ పోకుండా, తిన్నగా ఓబులేసు ఇంటికే పోతుందని ఎదురుచూశాను. మిట్ట వైపు నుంచి పొగ ఒక్కటే లేచింది.

ఆ వారంలోనే వాన పడింది! ఓబులేసన్న ధైర్యం చేసినాడు కాబట్టే పడిందని ఊరంతా ఆయన్ను మెచ్చుకుంది. ఆ పదునుకే మేమూ విత్తాం. ఆ ఏటి చెనక్కాయలు మేమూ తిన్నాం.

నేను మాత్రం మళ్ళీ ఆ ఇంటికి టీవీకి పోలేదు. కొన్నాళ్ళకు ఆ సీరియల్ కూడా టీవీలో మధ్యలోనే ఆగిపోయింది. గేటాయన ఏమయ్యాడో మా ఊళ్ళో ఎవరికీ తెలియలేదు.

మొన్నామధ్య అది మొత్తం మా ఆయన ఫోన్లో దొరికింది. వంట పని అయ్యాక రోజూ కూర్చుని ఆఖరిదాకా చూశాను. గేటాయనకు ఏమీ కాలేదు... తల నెరిసి, మనవళ్ళను ఒళ్ళో కూర్చోబెట్టుకుని నవ్వుతున్నాడు. ముసలామె ఊసే లేదు. నా ఒళ్ళు మండిపోయింది. "కతే గదా, దానికేంటికి పండ్లు కొరుకుతాండావు?" అని మా ఆయన నవ్వాడు.

పోయిన నెల పుట్టింటికి వెళ్ళాను. ఇప్పుడు మా ఊళ్ళో ఇంటింటికీ కొళాయి ఉంది. ఓబులేసు బోరు ఎప్పుడో ఎండిపోయింది. నేనూ నాయనా అంగడికి పోతుంటే ఆయన అరుగు మీద నుంచి పిలిచాడు.

"ఎవురు, నారాయణ కూతురా? ఏమ్మా, ఆ పీనుగుల కత ఫోన్లో వస్తాందంట గదా! ఆ గేటాయప్ప ఆఖరికి సచ్చినాడా లేదా నా కొడుకు?"

నేను నలుగురిలో నోరు విప్పే మనిషిని కాను. ఆ రోజు మాత్రం మాట వచ్చింది.

"సచ్చినాడు పెద్దనాయనా. ఆ ముసలామే వచ్చింది."

"యా ముసలామె?"

"గేటు బయటికి తోపిచ్చినాడే, ఆమె. ఎవురినీ తాకలేదు. నేరుగా ఆయప్ప మీదికే వచ్చింది. గేటు తీసిందెవురో తెల్సునా? ఆమె కొడుకే."

పెద్దనాయన నవ్వు ఆగిపోయింది. "కొడుకా?"

"ఊ. ఆయప్ప అరిచినాడు. లోపల అంతమంది ఉండి గూడా ఒక్కరూ అడ్డం పోలేదు."

"బిరీన్నే పోయిందా పానం?"

"లేదు పెద్దనాయనా. చానాసేపు పట్టింది."

నా మొహంలోకి అలాగే చూశాడు. "అచ్చం మీ జేజి మాదిరే ఉండావు నువ్వు," అని, గోడ పట్టుకుని లేచి లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

అంగడి దగ్గరికి వచ్చాక, నాయన నేల చూస్తూ అడిగాడు.

"నిజంగా కొడుకే తీసినాడా గేటు?"

"తీసినాడు నాయనా."

తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

కాలం మారింది... ఇప్పటి కథల్లో చెడ్డవాళ్ళు కూడా సుఖంగా ముసలివాళ్ళవుతున్నారు. మీ ఊళ్ళోనూ అలా అరుగు మీద చల్లగా కూర్చున్నవాడు ఒకడు ఉండే ఉంటాడు. వాడు అడిగితే మీరు ఏ ముగింపు చెబుతారు? రాయండి... అన్నీ చదువుతాను.