సందులో పాతిన గొట్టం

మా బావని ఊళ్లో ఎవరూ పేరు పెట్టి పిలిచేవాళ్లు కాదు. ఎర్రచీటీ అనేవాళ్లు. ఎదురుపడితే "ఇన్‌స్పెక్టరుగారూ" అని వంగి వంగి దణ్ణాలు, ఆయన వీధి మలుపు తిరగ్గానే "ఎర్రచీటీ పోయాడ్రా బాబూ" అని ఊపిరి పీల్చుకోవడాలు. నాకు ఒళ్లు మండేది. మండి ఏం లాభం, నేనూ అలాగే అని ఏడిపించేదాన్ని. అక్క మొగుడు కదా, నాకా మాత్రం హక్కుంది.

అప్పుడప్పుడే ఊరికి కరెంటు వస్తున్న రోజులు. ఎవరింట్లో వైర్లు వేయించుకున్నా ముందు మా బావ వచ్చి చూడాలి. అన్నీ బాగుంటే సంతకం, లేకపోతే మీటరు పలక మీద ఎర్ర కాగితం. ఆ కాగితం ఉన్నంతకాలం ఆ ఇంటికి స్తంభం నుంచి తీగ లాగరు. జనానికేమో బల్బు వెలిగితే చాలు, బావకేమో ఎర్తు ఉండాలి. "దారి తప్పిన కరెంటు ఎటో ఒకవైపు పోవాలి కదే. నేలలోకి దారి చూపించకపోతే మనిషిలోంచి పోతుంది" అని నాకు వంటింట్లో పాఠాలు చెప్పేవాడు. కూర మాడిపోయేది గానీ పాఠం అయ్యేది కాదు.

ఆయన అలా తయారవడానికి కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పట్నంలో పనిచేసేటప్పుడు, ఒక దర్జీ "రేపు ఎర్తు వేయించేస్తాను బాబూ" అని బతిమాలితే జాలిపడి సంతకం పెట్టాడు. ఆ రేపు రాలేదు. దర్జీ పెళ్లాం తడినేల మీద నిలబడి కరెంటు ఇస్త్రీపెట్టె పట్టుకుని, పట్టుకున్నది పట్టుకున్నట్టే పోయింది. బావ ఆ శవం పక్కన సాయంత్రం దాకా కూర్చున్నాడని అక్క చెప్పింది. ఇక ఆ తర్వాత ఎంత పెద్దమనిషి బతిమాలినా ఆయన కరగలేదు.

కరగని మనిషికి చుట్టాలెవరు మిగులుతారు? పిలిస్తే కంచం వదిలేసి గోడల వంక చూస్తాడని శుభకార్యాలకి పిలవడం మానేశారు. అక్క జబ్బుచేసి పోయాక కుట్టుమిషన్ల కొట్టు మీద ఒక గది అద్దెకు తీసుకున్నాడు. ఆ గదిలో వైరింగు బాగాలేదని తన గదికి తనే ఎర్రచీటీ అంటించుకున్నాడు, మహానుభావుడు! ఇంటాయన బాగుచేయించనని మొండికేశాడు, బావ అంతకంటే మొండిఘటం. ఊరంతా బల్బులు వెలుగుతుంటే ఇన్‌స్పెక్టరుగారి గదిలో కిరసనాయిలు దీపం. దాని పక్కన ఒక్కడే కంచం పెట్టుకుని కూర్చునేవాడు.

ఆయనకి మిగిలిందల్లా ఒక్క కూతురు. మా పెరటి వెనక సందు దాటితే వాళ్లిల్లే. ఆదివారం ఆదివారం వెళ్లి దాని చేత్తో వడ్డించింది తినేవాడు. వారమంతా ఆ పూట కోసమే బతికేవాడంటే అబద్ధం కాదు.

ఆ ఇంటికీ కరెంటు వచ్చే రోజు వచ్చింది. అల్లుడు చుట్టాలందర్నీ పిలిచాడు. బావి దగ్గర కొత్త నీళ్లమోటారు బిగించి, వచ్చినవాళ్లకల్లా చూపిస్తూ తిరుగుతున్నాడు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. అమ్మాయి మొహం చాటంత చేసుకుని ఎదురొచ్చింది. ఆయన స్విచ్చులన్నీ చూసి, మోటారు చూసి, చివరికి ఎర్తు తీగ వెంట వెనక సందులోకి వచ్చాడు. తీగ కొసని ఒక మేకుకి చుట్టి మట్టిలో గుచ్చారు, అంతే. వేలితో లాగితే మేకుతో సహా ఊడొచ్చింది.

"గొయ్యి తీసి గొట్టం పాతించండి బాబూ, సంతకం పెట్టేస్తాను" అన్నాడు అల్లుడితో.

"చుట్టాలంతా కూర్చున్నారు మామయ్యగారూ. ముందు దీపం వెలగనివ్వండి, గొయ్యిదేముంది?"

అమ్మాయి తండ్రిని పక్కకి లాగింది. "నాన్నా, బుద్ధి తెలిశాక నిన్నేదీ అడగలేదు. ఈ ఒక్కటీ చెయ్యి. ఇంతమందిలో నా పరువు తియ్యకు."

ఆయన కూతురి మొహం వంక చూశాడు. అయినా జేబులోంచి ఎర్ర కాగితమే తీశాడు.

"నీకు కూతురికన్నా ఆ తీగముక్కే ఎక్కువైతే మళ్లీ మా గడప తొక్కకు" అంది అమ్మాయి. అందరి ముందే అంది. బావ తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

తర్వాత అల్లుడు వెళ్లి చెప్పుకుంటే బావ పై అధికారి వచ్చాడు. టీ తాగాడు, గోడల రంగు బాగుందన్నాడు, మట్టిలో మళ్లీ గుచ్చిన ఆ మేకు వంకైనా చూడకుండా సంతకం గీకి పోయాడు. ఇల్లు ధగధగలాడింది. ఎవరికీ ఏమీ కాలేదు. "చూశారా, ఎవరు చచ్చారు?" అని అల్లుడు వీధి వీధంతా వినిపించేలా అనేవాడు.

ఎందుకు కాలేదో నాకు తెలుసు. ఆ వారంలోనే ఒక మిట్టమధ్యాహ్నం సందులో తవ్వుతున్న చప్పుడైతే పెరటి తలుపు తీశాను. బావ! చొక్కా విప్పి, నడుం లోతు గొయ్యిలో నిలబడి ఉన్నాడు. పక్కన ఇనపగొట్టం, దాని చుట్టూ నింపడానికి బొగ్గుల బస్తా, ఉప్పు మూట.

"ఇదేం పని బావా? ఒకళ్ల ఇంటి తీగ చెప్పకుండా ముట్టుకోవచ్చా? నీ రూల్సన్నీ ఏమైపోయాయి?"

"తప్పేనే. అరవకు. అల్లుడికి తెలిస్తే పంతానికి పీకి పారేస్తాడు. నువ్వు నోరు విప్పితే నా మీద ఒట్టే."

నా నోటికి తాళం వేసిన మొనగాడు ఆయనొక్కడే.

గొట్టం పాతితే సరిపోదట. నేల తడిగా ఉంటేనే ఎర్తు పనిచేస్తుందట. అందుకని వానల్లేని రోజుల్లో పొద్దున్నే డబ్బాతో నీళ్లు తెచ్చి ఆ గొయ్యిలో పోసేవాడు. "బావా, ఇనపగొట్టం ఎప్పటికి చిగురేస్తుంది?" అని నేను గోడమీంచి ఏడిపిస్తే, "నీ నోరు మూతపడ్డాక" అనేవాడు. నీళ్లు ఇంకేదాకా నిలబడి, కూతురి వంటింటి కిటికీ వంక చూసి, డబ్బా ఊపుకుంటూ పోయేవాడు. వీధిలో ఎదురైతే అది మొహం తిప్పుకునేది. ఉద్యోగం అయిపోయింది, జుట్టు నెరిసింది, డబ్బా మోసే భుజం వంగింది. ఆ గడప మాత్రం ఆయన తొక్కలేదు, రమ్మని అదీ పిలవలేదు. ఎంత పంతమమ్మా తండ్రీకూతుళ్లది! నాకు ఇద్దర్నీ గోడకేసి కొట్టాలనిపించేది.

ఎండలు మండిపోతున్న రోజుల్లో బావ మంచాన పడ్డాడు. నేను వెళ్లి ఆ గదిలోనే ఉండి చూసుకుంటున్నాను. "గొయ్యి ఎండిపోతుందే" అని ఒకటే గొణుగుడు. "ముందు నీ గొంతు తడుపుకో" అని కసురుకుంటూ గ్లాసు అందించేదాన్ని.

ఒకరోజు మెట్ల మీద పరుగు వినిపించింది. అమ్మాయి! కుచ్చిళ్లు తడిసిపోయి, రొప్పుతూ గుమ్మంలో ఆగిపోయింది. మోటారు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమందట. వైరింగు మనిషిని పిలిస్తే, లోపల తీగ ఎప్పుడో అరిగిపోయిందనీ, ఆ కరెంటంతా ఇన్నాళ్లూ సందులోని గొట్టం తాగేసిందనీ చెప్పాడట. "గొయ్యి ఎండిపోయి మీకు తగిలిందమ్మా. దీన్నెవరో బిడ్డలా చూసుకున్నారు. ఈ తీగ చుట్టిన తీరు ఎర్రచీటీగారిదే" అన్నాడట.

"ఎందుకు చెప్పలేదు నాన్నా?" అని ఏడుస్తూ మంచం దగ్గర కూలబడింది.

ఆయనకి ఆ ఏడుపు పట్టలేదు. "ఏ చెయ్యి?" అన్నాడు.

"కుడిచెయ్యి."

ఆ చెయ్యి తీసుకుని అరచెయ్యి తిప్పి తిప్పి చూశాడు. "మోటారు కట్టేశావా?"

"కట్టేశాను నాన్నా."

"మంచిపని చేశావు" అన్నాడు. ఆ చెయ్యి వదల్లేదు. రెండ్రోజులు అది అక్కడే ఉంది, ఆ తర్వాత ఆయన లేడు.

మోటారు మార్చారు. అల్లుడు ఇప్పుడు నా ముందు తలెత్తడు. అమ్మాయి రోజూ పొద్దున్నే బిందెతో సందులోకి వస్తుంది. మొన్న కుండపోత వానలో గొడుగు పట్టుకుని మరీ పోస్తుంటే నాకు కోపం వచ్చింది.

"నేలంతా బురదైతే మళ్లీ నీళ్లెందుకే? వానల్లో మీ నాన్న కూడా పోసేవాడు కాదు."

"తెలుసు పిన్నీ. ఆయన రావడం కిటికీలోంచి చూస్తూనే ఉండేదాన్ని. వంగి ఏం చేస్తున్నాడో కనబడక, మా ఇంట్లో తప్పులు వెతకడానికి వచ్చాడనుకుని, ఆయన తల ఎత్తగానే కిటికీ తలుపు వేసేసేదాన్ని" అంది, బిందె ఖాళీ అయ్యేదాకా పోస్తూనే.