ముందుగాల మొకం చూడు

మొన్న పంచాయతీ ఎన్నికల సామగ్రి సంచి విప్పి చూస్తే సిరా సీసా మూత వదులై కాస్త కారి ఉంది. ఆ ఘాటు వాసన ముక్కుకు తగిలిందో లేదో, నా నోరు పిడచగట్టుకుపోయింది. పక్కనున్న కొత్త టీచరమ్మ, "ఏలికి సిరా పెట్టుడే గద మేడం, గందుల ఏమున్నది?" అంది. నాకు చుర్రుమంది. కానీ ఏమని కోప్పడను? ఒకప్పుడు రాజలింగం సార్‌తో నేనూ అదే మాట అన్నాను. సార్ పోయి రెండు నెలలయింది.

ఎనిమిదో తరగతిలో నాకు లెక్కలు చెప్పిన సార్, నేను టీచరునయ్యాక మా బడికే హెడ్మాస్టరుగా వచ్చారు. మేం చదువుకునే రోజుల్లో హాజరు పిలిస్తే ఒక్కో పేరుకూ తలెత్తి ఆ పిల్ల ముఖం చూసేవారు. ఎంత సాగదీస్తారో అని విసుక్కునేవాళ్లం. నేను ఇంట్లో బీడీలు చుడుతూ బడి ఎగ్గొట్టిన రోజున నా దోస్తు తల వంచుకుని నా బదులు "ప్రెజెంట్ సార్" అంది. సార్ సాయంత్రం మా గడప ముందు నిలబడ్డారు.

"బడిల ఉన్నవని చెప్పిండ్రు. మరి గీడ కూసున్నదెవలు?"

"ఇల్లు గడవాలె గద సారూ," అంది అవ్వ, అంటే మా అమ్మ.

"నాకెరుకే అక్కా. కానీ బడి యాళ్లకు ఈ పిల్ల నాది."

అవ్వ నా ఒళ్లోంచి బీడీల చేట తీసుకుంది. మర్నాటి నుంచి నేను బడి మానలేదు. ఇవాళ నా చేతిలో పొగాకు బదులు సుద్దముక్క ఉందంటే ఆ ఒక్క మాట వల్లే.

నా మొదటి ఎన్నికల డ్యూటీ, అదీ పంచాయతీదే, సార్ కిందే పడింది. ఖానాపూర్ దాటాక ఒక చిన్న పల్లె. నేను పేరు చదివి వేలికి సిరా పెట్టాలి, సార్ బ్యాలెట్ పేపర్ ఇవ్వాలి. పొద్దున్నే గంగవ్వ అనే ముసలామె వచ్చి ఓటేసింది. "నా కొడుకు దుబాయ్‌ల ఉన్నడు బిడ్డా, మూడేండ్లాయె. వాని ఓటు నన్ను ఎయ్యనియ్యరా?" అని అడిగితే సార్, నేను నవ్వి పంపించాం.

పోలింగు ఇంకో అరగంటలో ముగుస్తుందనగా ఒక కుర్రాడు చీటీ ఇచ్చాడు. చూస్తే గంగవ్వ ఇంటి నంబరు, గంగవ్వ కొడుకు పేరు. రెండు పక్షాల ఏజెంట్లూ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. దొంగ ఓట్లు చెరికొన్ని వేయించుకుందామని ముందే మాట్లాడుకున్నారని తర్వాత తెలిసింది. గుమ్మం నిండా మనుషులు. "కానియ్యి మేడం, ఏలు చాపిండు గద," అన్నాడొకడు. బడిలో పెద్ద నోరున్నదాన్ని, అక్కడ కుక్కిన పేనునయ్యాను. తల దించుకుని ఆ వేలికి సిరా పూశాను. చెయ్యి వణికి చుక్క జాబితాలో ఆ పేరు మీద పడింది.

సార్ ఆ చుక్కను చూశారు. చింపిన బ్యాలెట్ పేపర్ చేతిలోనే ఉంచుకుని కుర్రాడి వైపు తిరిగారు. "మీ అవ్వ పేరేంది బిడ్డా?"

కుర్రాడు చీటీ వైపు చూశాడు.

"చీటీల ఉండది. నన్ను చూసి చెప్పు."

గుమ్మంలోంచి ఒకతను లోపలికి వచ్చాడు. "మా ఊరి ముచ్చట మీకెందుకు సార్? మళ్ల గీ తొవ్వనే పోవాలె మీరు."

బందోబస్తుకున్న ఒక్క హోంగార్డూ మెల్లగా వరండా దిగిపోయాడు. సార్ గొంతు పెంచలేదు. "పోవాలె. తల ఎత్తుకోని పోదామనే అడుగుతున్న. గంగవ్వను పిలువున్రి. నా కొడుకే అంటే పేపరిస్త."

గంగవ్వ వచ్చింది. రేపటి నుంచి ఆ మనుషుల మధ్యే బతకాల్సిన మనిషి. అవునంటుందేమో అనుకున్నాను. ఆమె కుర్రాడిని చాలాసేపు చూసింది.

"నా కొడుకేనా? అయితే ఇంటికి రమ్మనున్రి సారూ. మూడేండ్ల సంది వానికి బువ్వ పెట్టలే."

కుర్రాడు తల వంచుకుని వెళ్లిపోయాడు. దారి ఇవ్వమని ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది.

లెక్కింపు అయ్యాక సార్ ఓదారుస్తారనుకున్నాను. పోలింగులో జరిగినవన్నీ రాసే డైరీ నా ముందుకు తోశారు. "నీ తప్పు నువ్వు రాయి. నీ దిక్కు చూడకుండ పేపర్ చింపిన, గది నేను రాస్త." ఇద్దరికీ మెమోలు వచ్చాయి. మండిపోయి నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు. చివరికి సారే నా క్లాసు దగ్గరికి వచ్చారు.

"ఎరుకై కూడ సిరా ఎందుకు పెట్టినవ్ బిడ్డా?"

"భయమైంది సార్."

"నాకూ అయింది. కాళ్లు వణికినయ్, బల్ల అడ్డముండి మీకు కనవడలే. ఏలు చూస్తే భయం ఇంకింత పెరుగుతది. ముందుగాల మొకం చూడు."

మొన్న సీసా మూత బిగించి కొత్త టీచరమ్మకు ఇచ్చాను. "రేపు చెయ్యి వణికితే దాచకు, నాకు చెప్పు," అన్నాను.

"మీ చెయ్యే వణుకుతున్నది మేడం," అంది.

నిజమే, ఇప్పటికీ వణుకుతుంది. తల మాత్రం దించను.