ఎనిమిది పోగులు తక్కువ

సిద్ధిరాములు సేటుకు ఎనిమిది సాంచెలు, అంటే మరమగ్గాలు, ఉన్నాయి. బొంబాయి పక్కనున్న ఈ మగ్గాల ఊళ్లో, శాంతి నగర్‌లో ఎనిమిది సాంచెలంటే ఏమంత గొప్ప కాదు. కానీ సిరిసిల్ల దిక్కు నుంచి పద్నాలుగేళ్లప్పుడు కట్టుబట్టలతో వచ్చి, ఇరవై ఏళ్లు పరాయి సాంచెలు నడిపినవాడికి అవి ఎనిమిది ఏనుగులు. తన బట్ట గొప్పతనం అడిగినవాళ్లకూ చెప్పేవాడు, అడగనివాళ్లకూ చెప్పేవాడు. ధామన్కర్ నాకా చాయ్ దుకాణంలో ఎదుటివాడి చేతిలో బట్ట ముక్క పెట్టి, "చింపు సూద్దాం! దమ్ముంటే చింపు!" అనేవాడు.

ఆ మాట అనడం మానేసి రెండేళ్లయింది. ఎందుకు మానేశాడో అతనికి, సాంచెలు నడిపే పనివాడు అంకుశానికి తప్ప ఎవరికీ తెలియదు. నూలు ధర పెరిగినప్పుడు, నూలు మిగిలేలా సేటు సాంచెల పళ్లచక్రాలు మార్పించాడు. అంగుళానికి యాభై రెండు అడ్డపోగులు, పేక పోగులు, పడాల్సిన చోట నలభై నాలుగే పడసాగాయి. నిలువు పోగుల పడుగుకు గంజి దట్టంగా పట్టిస్తే బట్ట చేతికి పెళపెళలాడుతుంది. పైన పటారం, లోన లొటారం. "వద్దు సేటు, పేరు పోతది" అని అంకుశం ఒక్కసారి అన్నాడు. తర్వాత అనలేదు. కూలివాడు ఎన్నిసార్లంటాడు?

సేటు ఒక్కగానొక్క కూతురు సోనాలి బొంబాయి కాలేజీలో చరిత్ర చదువుతోంది. అక్కడి ఓ పాత రైల్వే స్టేషన్ భవనం చుట్టూ ఏడాదిగా తిరుగుతోంది. నల్లరాయి ఏ గుట్ట నుంచి వచ్చిందో, టేకు దూలాలు ఏ పడవలో దిగాయో, గడియారం ఎన్నిసార్లు ఆగిందో అన్నీ కూడగట్టింది. పాత దస్త్రంలో "కామాటీ కూలీలు, తెలుగువాళ్లు, రెండు వందల మంది" అన్న ముక్క దొరికిన రోజు ఇంట్లో గంతులేసింది. కట్టించిన దొర పేరుంది, రాయి తెచ్చిన కంట్రాక్టరు పేరుంది. ఆ రెండు వందల మందిలో ఒక్కరి పేరూ లేదు.

స్టేషన్ వార్షికోత్సవానికి ఆ చరిత్రంతా బట్ట మీద కుంచెతో రాసి, బొమ్మలు వేసి వాకిట్లో కట్టాలనుకుంది.

"బాపు, కపడా మనదే ఉండాలె. మనోళ్ల కహానీ మన బట్ట మీదనే."

బట్ట కోస్తుంటే సేటు చేయి ఒక్క క్షణం ఆగింది. చక్రాలు మార్చకముందు నేసిన మంచి బట్ట తాను ఒకటి అటక మీద ఉంది. నిచ్చెన వేయాలి, దుమ్ము దులపాలి. ఒక్కరోజు ముచ్చటకు ఇది చాలదా అనుకుని కోసేశాడు.

ఉత్సవం రోజు పొద్దుటి నుంచీ చినుకులే. అంకుశమే వచ్చి స్తంభాలకు తాళ్లు కట్టాడు. తడికి గంజి వదిలింది, బట్ట బరువెక్కింది, రాళ్లు మోసేవాళ్ల బొమ్మ దగ్గర చర్రుమని నిలువునా చిరిగింది. పెద్దలంతా అప్పుడే వచ్చి కూర్చున్నారు.

"బాపు! గట్లెట్ల చినిగింది?"

"గీ అంకుశం నేసిండు. పని మీద ధ్యాస లేదు వీనికి" అన్నాడు సేటు. నోరు ఎంత తేలిగ్గా తిరిగిందో!

అంకుశం బట్ట వెనక్కి వెళ్లి, చిరిగిన రెండంచులూ చేతులతో కలిపి పట్టుకుని నిలబడ్డాడు. ఉపన్యాసాలు గంటసేపు సాగాయి. పేర్లు లేని ఆ కూలీల గురించి సోనాలి చెబితే జనం చప్పట్లు కొట్టారు. సిద్ధిరాములుకు మాత్రం బట్ట అంచున అంకుశం వేళ్లే కనిపించాయి. సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా లేచి వెళ్లలేదు. అదీ చెప్పాలి.

మర్నాడు సోనాలి సాంచెల షెడ్డుకు వచ్చేసరికి అంకుశం అప్పుడు తీసేసిన పాత పళ్లచక్రం ఒకటి గ్యాస్‌నూనెతో తుడుస్తున్నాడు.

"గదేంది కాకా?"

అంకుశం సేటు వైపు తిరిగాడు. "మళ్ల ఎక్కియ్యాల్నా సేటు?" అని అడిగాడు.

సాంచెల మోతలో వినబడనట్టు ఊరుకోవచ్చు. సిద్ధిరాములు వెళ్లి మెయిన్ స్విచ్ ఆపేశాడు. నేల చూస్తూ చెప్పాడు, చక్రం సంగతి, గంజి సంగతి, అటక మీది తాను సంగతి.

"నేసింది అంకుశమే. నేయించింది నేను. వద్దని కూడ చెప్పిండు బిడ్డా."

కూతురు తిడుతుందేమోనని చూశాడు. తిట్టినా బాగుండేది. ఆమె తండ్రి వైపు తిరగనే లేదు. అంకుశం దగ్గరికి వెళ్లి, నూనె మరకల ఆ రెండు చేతులూ పట్టుకుంది.

"మాఫ్ చెయ్యి కాకా" అంది.

అది తన నోటి నుంచి రావలసిన మాటని సిద్ధిరాములుకు తెలుసు.